ముందుచూపమ్మ బొట్టు

శుక్రవారం పూట డాక్టర్ తాయారు ఆ పెట్టెకి బొట్టు పెట్టకుండా స్విచ్ వేసేది కాదు. సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీ చేసినావిడకి ఇదేం చోద్యమని మీరు బుగ్గలు నొక్కుకోవచ్చు. కొత్త లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, దసరాకి కంప్యూటరుకి పసుపు రాస్తాం, మనం మాత్రం తక్కువ తిన్నామా? పైగా ఆ పెట్టె ఆవిడ ఏళ్ళ తరబడి తిండీ నిద్రా మాని చేసుకున్నది. మూత అంచు మీద చిటికెడు కుంకుమ, రెండు మందార పూలు, పక్కనే కుంకుమ భరిణె. అంతే కదా, ఎవరి సొమ్మేం పోయింది?

గోదావరి పాయ పక్కనున్న ఒక ధర్మాసుపత్రిలో, కాలిన గాయాల వార్డుకి ఆనుకునే ఉంది ఆ లాబ్. పెట్టెకి కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది గానీ, అందరూ దాన్ని ముందుచూపు పెట్టె అనేవారు. గాయంలోంచి దూదిపుల్లతో తీసిన సూక్ష్మజీవుల్ని సాయంత్రం అందులో వేస్తే, లోపల వాటికి మేతా వేడీ అందుతాయి, దాంతోపాటు కొంచెం కొంచెంగా పెరిగే మందూ తగులుతుంది. బయటైతే నెలకి గానీ పుట్టని మొండి రకాలు అందులో తెల్లారేసరికి పుట్టేస్తాయి. ఈ రోగి ఒంట్లో ఉన్నది ఫలానా మందుకి త్వరలో లొంగడం మానేస్తుంది, ఇప్పుడే మందు మార్చండి అని పొద్దున్నే తెర మీద కనిపిస్తుంది. డాక్టర్లు మారుస్తారు. రోగి బతుకుతాడు.

ఇవాళ్టివేవో రేపటివేవో కలిసిపోకుండా తాయారు ఒక జాగ్రత్త కూడా చేసింది. పెట్టెలో పుట్టిన ప్రతిదానికీ ఒక చిన్న జన్యువు తగిలించేలా అమర్చింది. నీలం దీపం కింద పెడితే పెట్టెలో పుట్టినవి ఆకుపచ్చగా మెరుస్తాయి. బయట పుట్టినవి మెరవవు.

ఇక బొట్టు సంగతి. ఒంటికి నిప్పంటుకుని, అందరూ ఆశ వదిలేసుకున్న ఒక పిల్ల ఈ పెట్టె పుణ్యమా అని లేచి నడిచింది. ఆ పిల్ల అమ్మమ్మ లాబ్ గుమ్మం దగ్గర సాష్టాంగపడి, "ముందుచూపమ్మ తల్లి కుంకుమ కొంచెం ఇప్పించండమ్మా" అని కొంగు చాపింది. ముసలావిడ కొంగు చాపితే కాదనడానికి తాయారుకి నోరు రాలేదు. భరిణెలోంచి చిటికెడు తీసిచ్చింది. అక్కణ్ణుంచి అది ఆనవాయితీ అయి కూర్చుంది. శుక్రవారం పొద్దున్న పూజ కాగానే వార్డులో అడిగినవాళ్ళకల్లా తాయారే స్వయంగా బొట్టు పెట్టేది. ఇంటికి పట్టుకెళ్తామంటే లాబ్ కాగితం చింపి పొట్లం కట్టి ఇచ్చేది. రూలు ప్రకారం కూడదు. కానీ గాయం మీద కాదు, నుదుటి మీద. చిటికెడు కుంకుమ ఏం చేస్తుందిలే అనుకుంది.

పెట్టె చెప్పింది ఏనాడూ తప్పలేదు. సూపరింటెండెంట్ జోగారావు గారు ఆ మాట పత్రికల వాళ్ళకి చెప్పుకుని మురిసిపోయేవారు. తాయారుకీ మొదట్లో గర్వంగానే ఉండేది. రాన్రానూ మనసులో ఏదో తొలవడం మొదలైంది. ప్రాణమున్నదేదీ అంత చెప్పినట్టు వినదు కదా.

ఆ శుక్రవారం వార్డులో ఆవిడ అందరికంటే ముందు వెళ్ళింది తమ్ముడి మంచం దగ్గరికి. నూకరాజుది మడత కాజాల దుకాణం. సోమవారం నాడు పొయ్యి మీది బాణలి ఒరిగి, మరిగే నూనె ఛాతీ మీదా చేతుల మీదా పడింది. ఒళ్ళంతా కట్లతో ఉన్నా నోటికి మాత్రం ఏ కట్టూ లేదు వాడికి.

"అక్కా, ఇన్నేళ్ళూ కాజాల్ని నూనెలో వేస్తే కుయ్యిమంటాయేంటా అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసొచ్చింది. ఇంకా పాకంలో ముంచడమొకటే తక్కువ."

"చాల్లెండి సంబడం," అంది భార్య వీరవేణి కళ్ళు తుడుచుకుంటూ. "చూశారా వదినగారూ, ఈయన వరస?"

"వాగనీ అమ్మాయ్. వాడు వాగుతున్నాడంటే బాగున్నాడనే." తాయారు తమ్ముడి నుదుటి మీద బొట్టు పెట్టింది. "ఒరే, నీ గాయంలో చేరింది పాతకాలపు రకంరా. పాత మందుకే చస్తుంది. వచ్చే వారం తొడ మీది చర్మం తీసి ఛాతీకి అతికిస్తారు. దీపావళికి నువ్వు దుకాణంలో ఉంటావు."

"ఉంటే నీకో బుట్టెడు కాజాలక్కా."

వీరవేణి అరచెయ్యి చాపితే ఆవిడకో పెద్ద పొట్లమే కట్టి ఇచ్చింది తాయారు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని రవికలో దోపుకుంది.

మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి లాబ్‌లో దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. ముందురోజు వార్డులో ప్రతి మంచం నుంచీ నమూనాలు తీయించి జన్యువులు చదివించింది తాయారు. ఒక సభలో చూపించడానికి బొమ్మ కావాలి. ఎవరి ఒంట్లోని సూక్ష్మజీవి ఎవరిదానికి చుట్టమో ఆ బొమ్మ చూస్తే తెలుస్తుంది. ఒక్కో వంశానికి ఒక్కో రంగు. పెట్టె రాకముందు తీసిన బొమ్మ గోడకి అతికించి ఉంది. మంచానికో రంగు, చూడ్డానికి ముచ్చటైన ముగ్గులా ఉంటుంది. వార్డుకి అదే పెద్ద అండ. ఒకరి ఒంట్లోది ఒక మందుకి లొంగకపోతే పక్కవాళ్ళది లొంగుతుంది. అన్నీ ఒక్కసారి తిరగబడవు.

తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. తాయారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. వార్డంతా ఒకటే రంగు. అక్కడక్కడా నాలుగు చుక్కలు మాత్రం వేరే రంగుల్లో మిగిలి ఉన్నాయి.

నిన్నటి నమూనాలు పెరిగిన గాజు పళ్ళేలు పక్కనే ఉన్నాయి. ఎందుకనిపించిందో ఏమో, ఆవిడ నీలం దీపం తీసి వాటి మీద వెలిగించింది. ఒకటి ఆకుపచ్చగా మెరిసింది. రెండోదీ మెరిసింది. మూడోదీ అంతే. ఇవి పెట్టెలో పుట్టినవి, పెట్టెలోనే చావాల్సినవి. రోగుల గాయాల్లోకి ఎలా వెళ్ళాయి?

పెట్టె చెప్పింది ఎందుకు తప్పడం లేదో అప్పుడర్థమైంది. అది రేపటిని ముందుగా చూసి చెప్పడం లేదు. రేపటిని కని వార్డులోకి వదులుతోంది.

వార్డు పెద్ద నర్సు ఎస్తేరు రాణిని పిలిచింది. "సిస్టరూ, నిజం చెప్పు. కట్లు కట్టేటప్పుడు ఎక్కడైనా తేడా జరుగుతోందా? ఈ నాలుగు మంచాలకీ వేరే ట్రాలీ ఏమైనా వాడుతున్నారా?"

"అయ్యో, అలాంటిదేం లేదండి మేడమ్ గారూ. నీళ్ళూ ఒకటే, మందూ ఒకటే. ఏసయ్య తోడండి, గ్లవుజులు మార్చకుండా ఎవరినీ ముట్టుకోనివ్వను."

"మరి మరియమ్మకీ, ఖాసిం గారికీ, నిన్న చేరిన ఆ లారీ క్లీనరుకీ ఎందుకు అంటుకోలేదు? నాలుగోది మా తమ్ముడు."

తాయారు తలతిప్పి గోడకున్న అద్దంలోంచి వార్డులోకి చూసింది. మంచాల వరస. దిండ్ల మీద తలలు. తలలకి ఎర్రటి బొట్లు. మరియమ్మ నుదుటి మీద లేదు. ఖాసిం గారి నుదుటి మీద లేదు. ఆ క్లీనరు ఇవాళ పొద్దున్న బొట్టు వేళకి ఎక్స్‌రేకి వెళ్ళాడు. ఆపైన ఆవిడ చూపు తమ్ముడి మంచం మీద పడింది. పొద్దున్న తను పెట్టిన బొట్టు, గుండ్రంగా, చెదరకుండా ఉంది.

తాయారు పెట్టె దగ్గరికి వెళ్ళి మూత అంచున వేలు పెట్టి తడిమింది. మూత గాలి చొరకుండా బిగిసేది ఒక రబ్బరు పట్టీ వల్ల. శుక్రవారం శుక్రవారం రాలిన కుంకుమ ఆ పట్టీ కిందికి చేరి గట్టిగా పేరుకుపోయింది. అక్కడ రబ్బరు ఒరుసుకుపోయి గోరు పట్టేంత సందు పడింది. ఆ సందు పైనే, వారమంతా, మూత సరిగా పడని కుంకుమ భరిణె. ఈ జాతి సూక్ష్మజీవి నీళ్ళు లేకుండా, తిండి లేకుండా, పొడి దుమ్ములో నెలల తరబడి బతకగలదు. ఆ సంగతి పిల్లలకి పాఠం చెప్పేది తనే. నుదుటి మీద పెట్టిన పొడి రాలి గాయం మీద పడడానికి ఎంతసేపు? "ఓరి భగవంతుడా" అనుకుంది.

మరుక్షణం వార్డులోకి పరుగెత్తింది. గ్లవుజులు వేసుకుని, స్పిరిట్ దూదితో తమ్ముడి నుదురు గట్టిగా తుడవబోయేసరికి వీరవేణి అడ్డుపడింది.

"అయ్యయ్యో, ఇదేంటండి వదినగారూ! శుక్రవారం పూట మొగుడి బొట్టు చెరిపేస్తారా ఎవరైనా? మీకేమైనా మతిపోయిందా?"

"వేణీ, జరుగు. ఆ పొట్లం ఏది? పొద్దున్న నీకిచ్చిన పొట్లం?"

వీరవేణి చెయ్యి రవిక దగ్గరికి వెళ్ళి ఆగింది. కళ్ళు నేల మీదికి దించుకుంది. "అదాండి... ఒలికిపోయిందండి. బేసిన్‌లో కడిగేశాను."

"నిజమేనా?"

"ఆయ్, నిజమేనండి."

తాయారు తమ్ముడి నుదురు తుడిచేసి, ఆ మాట నమ్మింది. అనుమానించడానికి ఆవిడకి తీరికేదీ? ఆ సాయంత్రం లోపల ఎస్తేరు వార్డంతా తిరిగి అందరి దగ్గరా పొట్లాలు పోగుచేసి తెచ్చింది. ఇళ్ళకి చేరినవాటి కోసం మనుషుల్ని పంపి తెప్పించారు. తాయారు భరిణెలోని కుంకుమ చిటికెడు తీసి కొత్త గాజు పళ్ళెం మీద చల్లింది. మర్నాడు నీలం దీపం వెలిగిస్తే ప్రతి రేణువు చుట్టూ ఒక ఆకుపచ్చ వలయం ఉంది.

ఆదివారం నూకరాజుకి జ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన మారింది. గాయంలోంచి నమూనా తీసి మామూలు పళ్ళెం మీద పరిచి, పైన మందు బిళ్ళలు పేర్చింది తాయారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏదీ పెరగక ఖాళీ జాగా మిగులుతుంది. అది పాత పద్ధతి, అందరికీ తెలిసిన పద్ధతి. మర్నాడు పొద్దున్న ఏ బిళ్ళ చుట్టూ గోరంత ఖాళీ కూడా లేదు. నీలం దీపం వెయ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. చివరికి వేసింది. పళ్ళెమంతా పచ్చగా మెరిసింది.

జోగారావు గారు లాబ్‌కే వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. తాయారుని కూతురిలా చూసుకునే మనిషి.

"ఏమ్మా, ఏ రెండు మందులు కలిపి ఇస్తే ఇది చస్తుందో ఈ పెట్టె ఒక్క రాత్రిలో చెబుతుందా లేదా?"

"చెబుతుందండి."

"మనం ఒక్కొక్కటీ కలిపి చూసుకుంటూ కూర్చుంటే?"

"ఎప్పటికో తేలుతుంది. అంతకాలం వాడు ఉండడండి."

"మరింకేం? మూత చుట్టూ టేపులు వేసేద్దాం. ఒక్క రాత్రి నడుపు. నీ తమ్ముడమ్మా!"

"పట్టీ తెగింది సార్. కొత్తది రావడానికి వారాలు పడుతుందన్నారు కంపెనీ వాళ్ళు. టేపులకి ఇది ఆగదు. పోయినసారి ఇందులో వేసింది మామూలు సూక్ష్మజీవిని. దాంట్లోంచి ఇది పుట్టింది. ఇప్పుడు దీన్నే మళ్ళీ వేస్తే లోపల ఏం పుడుతుందో చెప్పండి. అది ఆ సందులోంచి బయటపడితే ఏ మందు ఇస్తాం? ఎవరికిస్తాం?"

గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడిందో వీరవేణి, అంతా వింది. లోపలికొచ్చి తాయారు రెండు కాళ్ళూ పట్టుకుంది.

"వదినగారూ, నాకవేవీ తెలీవండి. ఊళ్ళో వాళ్ళందర్నీ బతికించారు కదండీ దీంతో. సొంత తమ్ముడికి వచ్చేసరికి చెయ్యి రావట్లేదా? ఒక్కసారండి. ఒక్కసారి వెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

తాయారు ఆవిడని లేవనెత్తలేకపోయింది. తనకీ ఏడుపొచ్చింది. ఒక్క రాత్రే కదా అని మనసు లాగింది, నిజం. మీట దాకా చెయ్యి వెళ్ళింది కూడా. అద్దంలోంచి వార్డు కనిపించింది. కొత్తగా చేరిన క్లీనరు కుర్రవాడు మంచం మీద కూర్చుని తిండికోసం ఎస్తేరుతో గొడవపడుతున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడిప్పుడు హాస్యాలాడటం లేదు. పెదాలు ఎండిపోయాయి.

"అక్కా, నాది పెట్టెలో వేశావా?"

తాయారు తడిగుడ్డతో వాడి పెదాలు తుడిచింది.

"నాకు బతకాలనుందక్కా. దుకాణం, వేణి... ఇంకా ఏం చూడలేదు నేను. వేశావా?"

"వేశాన్రా నాయనా," అంది. "పొద్దున్నకి మందు తెలుస్తుంది. పడుకో."

వాడు నమ్మి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు ఉరుములకి భయపడి తన పక్కలో దూరినప్పుడు కూడా, ఏం కాదురా అంటే అలాగే నమ్మేవాడు. తాయారు లాబ్‌కి వెళ్ళి పెట్టె తీగలు తనే కత్తిరించింది. లోపలి పళ్ళేలన్నీ ఆవిరి పాత్రలో ఉడికించింది. భరిణెని, పోగుచేసిన పొట్లాల్ని, గోడకున్న పాత రంగుల బొమ్మని కూడా ఆసుపత్రి బట్టీలో వేయించింది. ఆ బొమ్మ ఎందుకు వేయించిందో ఆవిడకే తెలీదు.

నూకరాజు గురువారం పోయాడు. ఆ నెలలో వార్డులో మరి కొందరు పోయారు. వార్డు మూసేసి, గోడలు గీకి, మంచాలు కాల్చి, మళ్ళీ సున్నం వేశారు. అటు తర్వాత తీసిన నమూనాల్లో ఎక్కడా ఆకుపచ్చ కనిపించలేదు. తాయారు రోజూ నీలం దీపం పట్టుకుని చూసేది. ఏమీ లేదు. తమ్ముణ్ణి పోగొట్టుకుని ఊరిని నిలబెట్టానని ఎవరితోనూ అనలేదు గానీ, లోపల ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ అన్నం తినగలుగుతోంది.

వీరవేణి మాత్రం ఆవిడ మొహం చూడలేదు. కార్యాలన్నిటికీ తాయారు ఓ మూల నిలబడి వచ్చేసింది. అన్నీ అయ్యాక దుకాణంలో పాత వంటమనిషి అప్పలకొండ ఇంటికొచ్చి పిలిచాడు.

"రేపు దుకాణం మళ్ళీ తెరుస్తున్నామండి. అమ్మగారు పైకి ఏమీ అనరండి, మీరు రాకపోతే మళ్ళీ బాధపడతారు. చిన్నబాబు గారి దుకాణమండి. తమరు రావాలండి ఆయ్."

వెళ్ళింది. వీధి మొదట్లోనే నెయ్యీ పాకమూ కలిసిన వాసన. కొత్త బాణలి, కింద మంట, లోపల కాజాలు కుయ్యిమంటూ తేలుతున్నాయి. తమ్ముడి మాట గుర్తొచ్చి తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గల్లా దగ్గర కూర్చున్న వీరవేణి తలెత్తి చూసింది. మొహం తిప్పుకోలేదు. కుర్చీ వెయ్యమని అప్పలకొండకి సైగ చేసింది. అదే పదివేలు అనుకుంది తాయారు.

కూర్చున్నాక చూసింది. బాణలి అంచుకి బొట్టు ఉంది. నలుగురు పనివాళ్ళ నుదుళ్ళ మీదా ఉంది. పొయ్యి పక్క అరలో, దేవుడి పటం ముందు, ఒక కాగితం పొట్లం. ఆ కాగితం మీద ఆసుపత్రి లాబ్ పేరు ఆకుపచ్చ అచ్చులో సగం కనిపిస్తోంది. మడత తను వేసిందే.

"వేణీ, అది... కడిగేశానన్నావు కదే!"

వీరవేణి గల్లా బల్ల వైపు చూస్తూ అంది. "అమ్మవారి కుంకుమని బేసిన్‌లో ఎవరు కడుగుతారండి? మీరు పెట్టే తొందరకి అలా చెప్పాను. ఆయన నుదుటి మీది మీరు చెరిపేశారు. అందుకే పోయాడు నా మొగుడు. ఇది మాత్రం చెరపనివ్వదలుచుకోలేదు. వీధిలో అందరికీ తలా కాస్తా పంచాను. ఎవరికీ ఆయనకి పట్టిన గతి పట్టకూడదని."

బయట వీధిలో ఎవరో పాలు పోయించుకుంటున్నారు. ఆ మనిషి నుదుటి మీద ఏముందో చూడబోయి చూడలేకపోయింది. చూపు తిప్పుకుంటే అప్పలకొండ చెయ్యి కనిపించింది. ముంజేతి మీద అరటాకు ముక్క పెట్టి గుడ్డపేలికతో కట్టుకున్నాడు. కట్టు అంచున తడి ఊరుతోంది.

"అదేంటి అప్పలకొండా?"

"ఏం లేదండి. మొన్న కొత్త బాణలికి నూనె పట్టించేటప్పుడు ఓ చుక్క చిందిందండి. చిన్న బొబ్బ. మాకు మామూలేనండి." నవ్వాడు. "ఈసారే ఎందుకో మానట్లేదంతే."

అంటూ ఆ చేత్తోనే వేడి కాజా ఒకటి ఆకులో పెట్టి, తినండమ్మగారూ అని తాయారు చేతికి అందించాడు.